గోవింద్ చొక్కా నడిచొచ్చిన రోజు

ఆ రోజు నూకయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తెల్లవారగానే భార్య కూర్మమ్మ ఎండు నెత్తళ్ల చేపల గంప ఎత్తుకుని, మరికొందరు ఆడవాళ్లతో ఆటో ఎక్కి శ్రీకాకుళం మార్కెట్టుకి వెళుతుంది. ఆమె అటు వెళ్లగానే అతను ట్రంకు పెట్టె తెరిచి కొడుకు చొక్కా తీస్తాడు. సినిమావాళ్లకి ఇస్తాడు. వాళ్ల పని కాగానే ఉప్పు వదిలేలా ఉతికి, ఆరబెట్టి, ఉన్న మడత ఉన్నట్టే పెట్టి పెట్టె మూసేస్తాడు. మధ్యాహ్నం కూర్మమ్మ తిరిగొచ్చేసరికి చొక్కా పెట్టెలోనూ, నూకయ్య అరుగు మీదా, లోకం ఎక్కడిదక్కడా ఉంటాయి. ఇంత మంచి పథకాలు వేసేవాళ్ల మీదే దేవుడికి సరదా ఎక్కువని నూకయ్యకి తెలియదు పాపం.

చొక్కా అంటే అలాంటిలాంటి చొక్కా కాదు. చిలకపచ్చ రంగుది. గోవింద్ దాన్ని ఎవరిదో పెళ్లికని కొనుక్కుని, ఆ తర్వాత పండక్కీ పబ్బానికీ, చివరికి చేపల వేటకీ అదే వేసుకుని తిరిగాడు. ఎడమ జేబు చిరిగితే కూర్మమ్మ చేతికందిన నీలం వలదారంతో కుట్టేసింది. గుల్లలపేటలో ఆ చొక్కాని ఎరగని మనిషి లేడు. కోసు దూరాన కనబడినా గోవింద్ వస్తున్నాడని చెప్పేసేవాళ్లు.

ఆ గోవింద్ సముద్రంలో పోయి మూడేళ్లయింది. మేనమామ ఎర్రన్న పడవలో నలుగురు వేటకి వెళితే, గాలికి పడవ తిరగబడి ముగ్గురు ఒడ్డుకి చేరారు. గోవింద్ చేరలేదు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. ఆ పూట ఉక్కగా ఉందని చొక్కా దండెం మీద పడేసి ఉత్త బనీనుతో వెళ్లాడు కాబట్టి చొక్కా మాత్రం మిగిలింది.

శవం దొరకనివాడికి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. గడ్డితో బొమ్మ కట్టి, పోయినవాడు ఒంటిమీద వేసుకున్న బట్ట ఒకటి దానికి తొడిగి, ఆ బొమ్మకే దహనం చేస్తారు. తర్వాత కర్మ జరిపిస్తారు. ఆ బట్ట ఇంట్లోవాళ్లు తమ చేత్తో తెచ్చివ్వాలి. ఇచ్చారంటే మనిషి పోయాడని ఒప్పుకున్నట్టు. ఊరి పెద్ద కూడా అయిన ఎర్రన్న బట్ట కోసం చాలాసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా నూకయ్య గొంతు తగ్గించి, "కూర్మి ఒప్పుకోదు బావా. ఆడొస్తాడనే ఉన్నాది పిచ్చిది" అని చెప్పి పంపేశాడు.

అందులో అబద్ధమేమీ కనబడదు. కూర్మమ్మ గురువారం గురువారం ఆ చొక్కాని ఉతికి ఆరేస్తుంది. రాత్రి అన్నాల వేళ మూడో కంచం పెడుతుంది. పడవ ఒడ్డుకి చేరాక ఎర్రన్న కూరకని పంపే చేపల్లో గోవింద్ వంతు చేప ఇప్పటికీ ఒకటి వస్తుంది, దాన్నీ వండుతుంది. నూకయ్యకి మాత్రం కొడుకు పోయాడని తెలుసు. వయసంతా ఆ నీళ్ల మీద గడిపినవాడికి, ఆ నీళ్లు ఏం తిరిగిస్తాయో ఏం ఇవ్వవో తెలియకుండా ఉంటుందా? కానీ ఆమె నమ్మకం చెడితే ఆమె మిగలదని భయం. అందుకని రోజూ పొద్దున్నే ఒడ్డుకి వెళ్లి, తిరగేసిన పడవ మీద కూర్చుని, కొడుకు కోసం చూస్తున్నట్టు చూసి వచ్చేవాడు. కనబడ్డాడా అని ఆమె అడగదు. లేదని ఇతను చెప్పడు.

ఇంత ప్రాణంగా దాచుకున్న చొక్కాని సినిమావాళ్లకి ఇవ్వడమేమిటంటే, దానికీ ఒక కథ ఉంది.

యుగంధర్ అని శ్రీకాకుళం కుర్రాడు. ఇంజనీరింగు చదివి, చేస్తున్న ఉద్యోగం మానేసి, సినిమా తీస్తానని బయల్దేరాడు. హీరోలూ పాటలూ ఫైటింగులూ లేని సినిమా. ఒక కెమెరా, ఒక కారు, వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మనుషులు. వేటలో పోయిన జాలరి దయ్యమై ఇంటికి తిరిగొస్తాడట. వచ్చి ఎవరినీ పట్టి పీడించడట. తల్లి ఖాళీ కుండల్లో గింజల కోసం వెతుక్కుంటుంటే గుమ్మంలో నిలబడి చూస్తాడట. అంతే కథ.

"మరి బయ్యవెక్కడున్నాది బాబూ?" అని అడిగాడు నూకయ్య.

"భయం కాదు బాబాయ్, బాధ" అన్నాడు యుగంధర్.

బాధ చూడ్డానికి సినిమా దాకా ఎందుకు అనబోయి, కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడని నూకయ్య ఊరుకున్నాడు.

దయ్యం వేషం సాలూరు లారీ ఆఫీసులో గుమాస్తా జగన్నాధానిది. ఊళ్లో నాటకాలు వేసే అలవాటుంది, సెలవు పెట్టి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మీసంలో నాలుగు నెరిసిన వెంట్రుకలు. కానీ వెనక నుంచి చూస్తే అచ్చం గోవింద్ పొడుగు, గోవింద్ భుజాలు. అతనికోసం విజయనగరంలో ఒక చొక్కా కొన్నారు. దాన్ని ఇసకలో పొర్లించారు, టీ డికాషన్లో ముంచారు, బండకేసి బాదారు. అయినా అది కొట్లోంచి పారిపోయి వచ్చిన కొత్త చొక్కాలాగే ఉంది.

"ఒక మనిషి నిజంగా బతికిన చొక్కా కావాలి బాబాయ్" అని యుగంధర్ తల పట్టుకుంటే, "నాకాడున్నాది" అనేశాడు నూకయ్య. అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఎందుకన్నాడో అతనికి తెలుసు. మూడేళ్లుగా ఆ చొక్కాని దండెం మీదే చూస్తున్నాడు. గాలి వేస్తే చేతులూపుతుంది, లోపల మనిషి ఉండడు. ఒక్కసారి అందులో మనిషి నడుస్తుంటే వెనక నుంచి చూడాలని ఉంది. ఇలాంటి కోరిక ఎవరితో చెప్పుకుంటాడు? కూర్మమ్మతో అసలే చెప్పలేడు. పెట్టెలోంచి చొక్కా బయటకి తీశాడని తెలిస్తే, గడ్డిబొమ్మ కోసమే తీశాడనుకుంటుంది.

పొద్దు కాస్త ఎక్కాక, ఊరి కంట పడకుండా సరుగుడు తోట ఇవతల షూటింగు మొదలైంది. జగన్నాధం ముఖానికి నీళ్లకి పోకుండా నూనెలో కలిపిన తెల్లమట్టి పూశారు, కళ్లకింద మసి రాశారు, జుట్టులో నాచు పెట్టారు. చిలకపచ్చ చొక్కా తొడిగారు. నడుంలోతు నీళ్లలోకి వెళ్లి, అక్కడి నుంచి మెల్లగా ఒడ్డుకి నడిచి రావాలి. తీరా అప్పుడు బయటపడిందేమిటంటే, సముద్రంలోంచి రావాల్సిన దయ్యానికి నీళ్లంటే చచ్చే భయం. సాలూరులో సముద్రమెక్కడిది?

"మోకాలి లోతు చాలదాండీ?" అని బతిమాలాడు.

"దయ్యం మోకాలి లోతులోంచి వస్తే ఏం బాగుంటుంది జగన్నాధంగారూ!" అని యుగంధర్ ముందుకి తోశాడు.

జగన్నాధం నీళ్ల వైపు నడిచాడు. నూకయ్య ఇసక మీద నిలబడి వెనక నుంచి చూశాడు. అదే వీపు. అదే నడక కూడాననిపించింది. గాలికి చొక్కా ఉబ్బుతోంది, లోపల మనిషి ఉన్నాడు. కోరుకున్నది కోరుకున్నట్టే కళ్ల ముందుంది. కాకపోతే నూకయ్య మనసులో ఆ చొక్కా ఇంటివైపు నడుస్తుంది. ఇక్కడ అది సముద్రంలోకి నడిచిపోతోంది.

"ఒరే! ఎల్లకురా! ఎల్లకురా నాయినా!" అని గొంతు చించుకుని అరిచాడు.

పిలిచినప్పుడు తిరగడం మర్యాదగల మనుషుల లక్షణం. జగన్నాధం మర్యాదగా వెనక్కి తిరిగి, "నన్నేనాండీ?" అన్నాడు. అలకి వీపు చూపించకూడదన్న సంగతి గుల్లలపేటలో నడక నేర్చిన ప్రతి బిడ్డకీ తెలుసు. సాలూరు లారీ ఆఫీసులో ఎవరు చెబుతారు? వెనక నుంచి వచ్చిన అల అతన్ని ఎత్తి కుదేసింది. లేవబోతుంటే రెండోది లాగేసింది. చిలకపచ్చ చొక్కా ఒకసారి తేలింది, ఒకసారి మునిగింది, పక్కకి లాగే నీటిలో పడి సరుగుడు తోట అవతలికి కొట్టుకుపోయింది.

నూకయ్య పరుగెత్తాడు. పంచె ఊడుతున్నా పట్టించుకోకుండా ఒడ్డు పొడుగునా పరుగెత్తాడు. అదే చొక్కాలో ఇంకో తల్లి బిడ్డ తన కళ్ల ముందే పోతున్నాడు, ఈసారి పంపింది తనే. ఊరి దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. వెనకాల కెమెరా భుజాన వేసుకుని యుగంధర్ పరుగెత్తాడు.

సరుగుడు తోట అవతలే పడవలు చేరే రేవు. అప్పుడే వల దులిపారు. కవళ్ల చేపలు కుప్ప పోసి ఎర్రన్న వేలంపాట పాడిస్తున్నాడు, ఆడవాళ్లు గంపలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు అల ఒకటి జగన్నాధాన్ని తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. అతను నాలుగు కాళ్ల మీద పాకి, లేచి నిలబడి, రెండు చేతులూ చాచాడు. మాట్లాడదామంటే గొంతులో ఉప్పునీళ్లు. తెల్ల ముఖం, నల్ల కళ్లు, నెత్తి మీద నాచు, వాటి కింద నీలం దారం జేబుతో చిలకపచ్చ చొక్కా.

"ఓలమ్మో! గోయిందు!" అని ఒక్క కేక వినబడింది. ఆ తర్వాత రేవులో మనుషులు లేరు. గంపలు మాత్రం ఉన్నాయి. ఎర్రన్న పారిపోబోయి కవళ్ల కుప్పలో బోర్లా పడ్డాడు. కాకులూ కుక్కలూ మాత్రం దయ్యాన్ని లెక్కచేయలేదు. ఆ పూట గుల్లలపేట కుక్కలు తిన్న తిండి అవి తమ పిల్లలకి కథలుగా చెప్పుకుని ఉంటాయి.

ఊరంతా పరుగెత్తినా అప్పలసూరి మాత్రం పడవ చాటున ఆగాడు. గోవింద్‌తో పాటు ఆ రోజు వేటకి వెళ్లి ఈదుకొచ్చిన ముగ్గురిలో అతనొకడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషే అయినా, చూడకుండా మాట్లాడేవాడు కాదు. వంగి దయ్యం కాళ్లు చూశాడు. దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని ఎవరికి తెలియదు? వీడి పాదాలు ముందుకే ఉన్నాయి. అప్పలసూరి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే ఫోను తీశాడు.

"వదినా! గోయిందొచ్చేసినాడు! నా కళ్లతోటి సూసినాను. కాళ్లు తిన్నగానే ఉన్నాయి. దెయ్యం కాదు, మనిసే! బేగొచ్చేయ్!"

ఆ ఆఖరి మాట దగ్గరికి నూకయ్య రొప్పుతూ చేరుకున్నాడు. జగన్నాధం బతికున్నాడని చూసి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అప్పలసూరి చేతిలో ఫోను చూసి అది మళ్లీ పోయింది. ఫోను లాక్కుని, "కూర్మీ, నా మాటిను..." అన్నాడు. అవతల అప్పటికే ఆటో చప్పుడు.

"ఒస్తన్నాను మావా. గంప అక్కడే వొగ్గేసినాను. నానొచ్చేవరకూ ఆడికెవులూ ఏటీ పెట్టకండి. నాను ఒండి పెడతాను" అని కూర్మమ్మ గొంతు. ఆ గొంతులో మూడేళ్లుగా లేని వెలుగేదో ఉంది. ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నూకయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఈలోగా జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఒళ్లంతా పొలుసులతో ఎర్రన్న లేచి, వేపమండలు తెప్పించి, చెంబుడు పసుపు నీళ్లు జగన్నాధం ముఖాన కొట్టాడు. తెల్లమట్టీ పసుపూ కలిసి ముఖం మీద అట్ట కట్టింది. బతికొచ్చాడని సగం మంది, చచ్చి వచ్చాడని సగం మంది వాదించుకున్నారు. మధ్యలో కూర్చున్నవాణ్ని ఎవరూ అడగలేదు. చివరికి అతనికే గొంతు పెగిలింది.

"నాది సాలూరండీ" అన్నాడు.

ఎర్రన్న చెయ్యి లేచింది, చెంప పేలింది. "సాలూర్లో ఉన్నావేట్రా ఇన్నాళ్లూ! ఇక్కడ నీ అమ్మ ఏడిసేడిసి సచ్చిపోతంటే!"

"లారీ ఆఫీసులో పని చేస్తున్నానండీ..."

"లారీ ఆఫీసులోనా!" అని రెండో చెంప కూడా పేలింది. కొట్టినవాడే మరుక్షణం జగన్నాధాన్ని వాటేసుకుని భోరుమన్నాడు. తన పడవలో తీసుకెళ్లి పోగొట్టిన మేనల్లుడు, ఎక్కడున్నా బతికుంటే చాలనుకున్నాడు.

"ఆడు మన గోయిందు కాడు బావా!" అని నూకయ్య మధ్యలో దూరాడు.

"కోపం నూకయ్యా. కడుపులో కోపం నీకు. ఎంత సెడ్డా కన్నకొడుకుని కాదనకు" అని ఎర్రన్న ఓదార్చాడు.

"బాబూ, నువ్వైనా సెప్పు!" అని నూకయ్య యుగంధర్ కాళ్లావేళ్లా పడ్డాడు. యుగంధర్ అప్పటిదాకా కెమెరాలోంచి కన్ను తియ్యలేదు. అంత మంది అంత సహజంగా పరుగెత్తడం, ఏడవడం అతను జన్మలో తియ్యలేడు. అయిష్టంగానే కెమెరా దించి, "అతను మా సినిమాలో నటుడండీ" అన్నాడు.

"అదీ సంగతి! ఇల్లొదిలేసి సినిమాల్లో సేరిపోనాడన్నమాట!" అన్నాడు అప్పలసూరి. జనమంతా అవునవునన్నారు. ఆ రోజుల్లో గోవింద్ అద్దంలో ఎక్కువ చూసుకునేవాడని ఒకావిడకి అప్పుడే గుర్తొచ్చింది కూడా.

ఇక లాభం లేదని నూకయ్య బిందెడు మంచినీళ్లు తెచ్చి జగన్నాధం నెత్తిన గుమ్మరించి, తన తువ్వాలుతో ముఖం రుద్దాడు. మట్టి పోయింది, పసుపు పోయింది, మసి పోయింది. నెరిసిన మీసంతో, వాచిన చెంపలతో, ఎవరో పరాయి మనిషి బయటపడ్డాడు. ఎర్రన్న తన చేతులు చూసుకున్నాడు. "మరి కాళ్లు తిన్నగానే ఉన్నాయి కదా" అని అప్పలసూరి గొణిగాడు. అతని తప్పేమీ లేదు పాపం, కాళ్ల వరకూ అతను చెప్పింది నిజమే.

అప్పుడు సరుగుడు తోట మలుపులో ఆటో హారన్ వినబడింది.

ఆమెతో చెప్పాల్సింది ఎవరు? అప్పటిదాకా ఒకరి మీద ఒకరు పడి మాట్లాడిన ఊరు ఊరంతా నూకయ్య వెనక్కి చేరింది. జగన్నాధం ఇటు వీపు పెట్టి, మోకాళ్లలో తల దూర్చుకుని కూర్చున్నాడు. ఆటో ఆగకముందే కూర్మమ్మ దిగేసింది. కొప్పు ఊడిపోయింది, కాలికి చెప్పుల్లేవు. నాలుగడుగులు పరుగులాంటి నడకతో వచ్చి, ఆ చిలకపచ్చ వీపు చూసి, చేత్తో నోరు మూసుకుని ఆగిపోయింది. నూకయ్య ఎదురెళ్లి ఏదో చెప్పబోయాడు. ఆమె అతన్ని దాటుకుని వెళ్లి ఆ భుజం మీద చెయ్యి వేసింది. జగన్నాధం తలెత్తి చూశాడు.

ఆమె చాలాసేపు ఆ ముఖాన్ని చూసింది. తర్వాత చొక్కాని చూసింది.

"ఈ జేబెవులు సింపినారు?" అంది.

"నేనేనమ్మా... అల కొట్టినప్పుడు..." అంటూనే జగన్నాధం ఏడ్చేశాడు.

"నీకు అమ్మున్నాదేట్రా?"

"ఉందమ్మా. సాలూర్లో."

"తడిబట్టతో కూకుంటే ఆవిడ తిడతాదా, నేదా? నెగు. పెద్దోడివయ్యుండి ఏటా ఏడుపు" అని కొంగుతో అతని తల తుడిచింది. పరాయివాడి తలే అయినా, తల తుడవడంలో ఆమె చెయ్యి తేడా చూపించలేదు.

నూకయ్య ఇక ఆగలేకపోయాడు. "నానే ఇచ్చినాను కూర్మీ. పెట్టిలోంచి నానే తీసినాను. గడ్డిబొమ్మకి కాదే, నీ మీదొట్టు. ఆ సొక్కాలో మనిసి నడుస్తుంటే ఒక్కపాలి ఎనకనుంచి సూద్దావని..."

కూర్మమ్మ ఇసకలో కూలబడింది. "సూసినావా?"

"సూసినాను. సముద్రం కేసి ఎల్లిపోతన్నాడే."

"నానూ సూసినాను. ఇప్పుడే, ఆటో దిగీసరికి. ఎనకనుంచే." ఊడిన కొప్పు ముడేసుకుంటూ అంది. "ఆడు పోయినాడని నాకు తెల్సు మావా. ఆ రోజే తెల్సు. నువ్వు పొద్దు పొద్దున్నే ఒడ్డుకెల్లి కూకుంటన్నావు. నువ్వింకా ఎదురుసూస్తన్నావని, నానొప్పేసుకుంటే నీ గుండె ఆగిపోతాదని, ఆ సొక్కా ఉతుకుతన్నాను, ఆ కంచం పెడతన్నాను."

నూకయ్య విస్తుపోయి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు ఉతుకుతన్నావనే కదే నానెల్లి కూకుంటన్నాను!"

ఎవరో నవ్వబోయి ఏడ్చారు. ఎర్రన్న పొలుసుల చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఇద్దరూ నాకొకే మాట సెప్పినారు. అది ఒప్పుకోదని ఈడు, ఆడు తట్టుకోడని ఇది."

"మరి మాకెందుకు సెప్పలేదన్నా?" అంది కూర్మమ్మ.

"ఏటని సెప్తాను సెల్లీ? ఇద్దర్లో ఒకులైనా నిజింగా నమ్ముతన్నారేమో, ఆళ్లనైనా ఉండనిద్దావనుకున్నాను."

"నమ్మింది ఈయేళే అన్నా" అంది కూర్మమ్మ. "మార్కెట్టుకాడ ఆటో ఎక్కినకాణ్నుంచి ఇక్కడ దిగినవరకూ. అంతసేపూ ఆడు బతికే ఉన్నాడు. ఏటి ఒండాలో కూడా అనీసుకున్నాను." అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయాక ఊరి ముందు ఆమె ఏడవడం అదే మొదలు. నూకయ్య పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్న ఏడుపు, ఎంతకీ తరగలేదు. యుగంధర్ కెమెరా ఇసక మీద పెట్టేసి, అటు తిరిగి నిలబడ్డాడు. అంత మంచి సీను అతను వదులుకున్నాడంటే మనిషి మంచివాడే.

ఎండ నెత్తి మీదికి వచ్చాక కూర్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "అన్నా, గడ్డి కట్టించు. సొక్కా నా సేత్తో నానే ఇస్తాను. రేపు జరిపించేద్దాం."

యుగంధర్ గొంతు సవరించుకున్నాడు. ఆ మాట అనడానికి అతను పడిన అవస్థ చూసి తీరాలి.

"పిన్నీ... కంటిన్యూటీ..." అన్నాడు.

"అదేటి?"

"అంటే, ఇప్పుడు ఈ చొక్కాతో సముద్రంలోకి దిగాడు కదా పిన్నీ. ఇంటికి వచ్చినప్పుడు కూడా ఇదే చొక్కా ఉండాలి. లేకపోతే వెళ్లినవాడూ వచ్చినవాడూ ఒకడే అని జనం నమ్మరు. గుమ్మం సీను ఇంకా తీయలేదు. ఒక ఇల్లు దొరికితే..."

ఎర్రన్న కళ్లెర్రజేశాడు. నూకయ్య భార్య వంక భయంగా చూశాడు. కూర్మమ్మ మాత్రం ఆలోచించింది. "ఇంటికొచ్చినప్పుడా?" అని మళ్లీ అడిగింది. తర్వాత, "మా గుమ్మానికేటొచ్చినాది?" అంది.

కాబట్టి మూడేళ్లు ఆగిన గోవింద్ కర్మ, కంటిన్యూటీ కోసం ఇంకాస్త ఆగింది. కూర్మమ్మ జేబుని మళ్లీ నీలం దారంతో కుట్టింది. దాన్ని వేసుకుని జగన్నాధం మర్నాడు సాయంత్రం రేవు నుంచి నూకయ్య ఇంటికి నడిచాడు. నూకయ్య కెమెరా పక్కన నిలబడి, చొక్కా ఇంటివైపు వెళ్లడం వెనక నుంచి చూశాడు. కళ్లు మసకబారుతుంటే తుడుచుకుంటూ ఆఖరిదాకా చూశాడు. తల్లి వేషం కూర్మమ్మదే. దయ్యాన్ని చూడనట్టు ఉండాలని యుగంధర్ ఎంత చెప్పినా, ప్రతిసారీ "కాళ్లు కడుక్కుని రా" అనేసేది. ఆఖరికి అతను విసిగి అలాగే ఉంచేశాడు.

ఆ తర్వాత గడ్డిబొమ్మ కట్టారు. చొక్కా కూర్మమ్మే తొడిగి, జేబు సర్ది, గుండీలన్నీ పెట్టింది. పై గుండీ గోవింద్ ఎప్పుడూ పెట్టుకునేవాడు కాదని గుర్తొచ్చి దాన్ని విప్పింది. నూకయ్య నిప్పు పెట్టాడు. జగన్నాధం సాలూరు నుంచి మళ్లీ సెలవు పెట్టి వచ్చి, ఊళ్లో అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. అలా ఏడవమని షూటింగులో ఎంత మొత్తుకున్నా ఏడవలేదని యుగంధర్ అనుకున్నాడు గానీ, పైకి అనలేదు.

సినిమా ఎక్కడో ఏదో ఉత్సవానికి వెళ్లిందట. చూసిన పెద్దలు కథ బాగుందన్నారట, చొక్కా చాలా సహజంగా ఉందన్నారట, రేవులో జనం పారిపోయే సీనులో మాత్రం నటన మరీ అతిగా ఉందన్నారట.

నూకయ్య ఇప్పుడు పొద్దున్నే ఒడ్డుకి వెళ్లడం లేదు. కూర్మమ్మ రెండు కంచాలే పెడుతోంది. గోవింద్ వంతు చేప మాత్రం ఎర్రన్న ఇంకా పంపుతూనే ఉన్నాడు, పాపం అతని నమ్మకం ఎందుకు చెడగొట్టాలని వాళ్లిద్దరూ ఏమీ అనకుండా తినేస్తున్నారు.